ఎర్రగుడ్డ కనపడని వెలుగు

పొన్నరేవు,
18-10-2003, శనివారం.

చిరంజీవి సత్యప్రియకు మీ అన్నయ్య వీర్రాజు దీవించి రాసేది ఏమనగా, ఇక్కడ నేనూ, మీ వదిన భూలక్ష్మీ, నీ కూతురు దుర్గా, మీ మావయ్యగారూ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. ఆ మస్కట్‌లో నువ్వు వేళకి తింటూ, ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తున్నాను.

నీ పేరు ముందు ఏం రాయాలో తెలియక ఈ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నానమ్మా. ఇదివరకు చి.ల.సౌ. అని చెయ్యి దానంతటదే రాసేసేది. ఈ ఏడాదిలో నీకు నాలుగు ఉత్తరాలు రాశాను, నాలుగింటిలోనూ అక్కడికొచ్చేసరికి కలం ఆగిపోయింది. ఇవాళ కూడా ఆగింది. ఎందుకు ఆగుతోందో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

పొద్దుటినుంచీ ఒకటే వాన. స్తంభం ఎక్కే పని లేదు. పంచాయతీ ఆఫీసు వరండాలో నా నిచ్చెన గోడకి చేరేసి, బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు అలికినట్టుంటే తిట్టుకోకు. జల్లు కొడుతోంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెబుతాను. దుర్గకి ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. ఒకటి ఇంటికప్పు మీద పారేశాం, రెండోది బళ్ళో ఎక్కడో పోగొట్టుకొచ్చి, అది దొరికితేగానీ అన్నం తిననని కూర్చుంది. నీ పోలికే. చిన్నప్పుడు నువ్వు పలకపుల్ల పోయిందని గోదారి గట్టంతా నన్ను వెతికించలేదూ! రెండో క్లాసులో బాగానే చదువుతోంది. ‘స’ పలకడం రావడం లేదిప్పుడు, పళ్ళు లేవు కదా. మా అమ్మ పేరు ‘తత్యప్రియ’ అని చెబుతోంది అందరికీ.

మీ వదినకి మోకాలినొప్పి కాస్త తగ్గుముఖం పట్టింది. నువ్వు పంపిన తైలం రాసుకుంటోంది, రాసుకున్నప్పుడల్లా మొన్నటిదాకా నన్ను తిట్టేది. ఆ రెంటిలో దేనివల్ల తగ్గుతోందో తెలియదు. మీ పాకకి పోయిన నెలలో కొత్త తాటాకు వేయించాం. వంటింటివైపు కురవడం లేదు. రొయ్యల చెరువులు మన వీధి చివరిదాకా వచ్చేశాయి, రాత్రీ పగలూ ఆ మోటార్ల మోతే. ఉప్పలగుప్తం రోడ్డు మళ్ళీ గోతులు పడింది. నువ్వొచ్చేటప్పుడు ఆటోలో గట్టిగా పట్టుకుని కూర్చోవాలి.

ఇక మీ మావయ్యగారి సంగతి అడిగావు. గంగయ్య మావయ్యగారు అన్నం తింటున్నారు. అంతవరకే చెప్పగలను. ఏడాదిగా రేవు మొహం చూడలేదు. రేడియో అటక మీద పెట్టేశారు. కన్నకొడుకు నాని పేరు ఆయన నోట మేమెవరం వినలేదు. ఎవరైనా ఎత్తితే లేచి దొడ్లోకి వెళ్ళిపోతారు. ఒక్కసారి మాత్రం, అది కూడా పెద్ద కర్మనాడు, ‘నా గుడ్డ దాటి ఎళ్ళేడు’ అన్నారు. అంతే. ఆ మాట తరవాత ఎర్రగుడ్డ కట్టడం కూడా మానేశారు. ఇప్పుడు వాళ్ళ పక్కింటి బాబ్జీ వేరే గుడ్డ కట్టి, చీకటి పడకముందే ఇంటింటికీ చెప్పొస్తున్నాడు.

ఇన్నీ అడిగి, కాగితం అడుగున, చోటు చాలక పక్కకి తిప్పి రెండు లైన్లు రాశావు. ‘అన్నయ్యా, ఆయన గుడ్డ చూసే వెళ్ళేరా? నేనా రోజు ఫోనులో అన్న మాటకే వెళ్ళేరా? నువ్వు అబద్ధం చెప్పవని అడుగుతున్నాను.’

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. పోస్టుమాన్ ఇచ్చేటప్పుడు నేను బడి దగ్గర స్తంభం మీద ఉన్నాను. అక్కడే చింపి చదివాను. ఆఖరి రెండు లైన్లూ చదివాక కిందకి ఎలా దిగానో నాకు తెలియదు. ‘నువ్వు అబద్ధం చెప్పవని’ అన్నావే, ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చదివాను.

నాకు తెలుసు, ఊళ్ళో ఆడవాళ్ళు నీకెవరి చేతనో చెప్పించారు. పెళ్ళాం ఫోనులో చీవాట్లు పెట్టింది, మొగుడు విరక్తితో, గోదారి సముద్రంలో కలిసే ఆ మొగకి ఎదురెళ్ళాడు అని. నువ్వు కూడా అదే పట్టుకున్నావు. ఇంకో రెండేళ్ళు రానని, ‘నువ్వు పక్కనున్నా లేకపోయినా నాకు ఒకటే’ అని అన్నానని, ఆ మాట ఆయన గుండెల్లో పెట్టుకుపోయారని పోయిన ఉత్తరంలోనూ రాశావు. దానికి నేను ‘అలాంటివేం పెట్టుకోకు, అంతా దైవ నిర్ణయం’ అని జవాబు రాశాను. సిగ్గులేకుండా రాశాను. దేవుడి మీద తోసేస్తే ఎవరూ అడగరు కదా.

ఇప్పుడు నిజం రాస్తాను. మధ్యలో చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

పోయిన ఏడాది దసరాకి మన ఊళ్ళో ట్యూబులైట్లన్నీ తీసేసి సోడియం లైట్లు వేశామని నీకు అప్పట్లో గొప్పగా రాశాను. గుర్తుందా? నాలుగు పేజీలు రాశాను. అమలాపురం మెయిన్ రోడ్డులో ఉన్నట్టు పసుప్పచ్చ లైట్లు, ఒక్కోటీ రెండు ట్యూబులంత వెలుగు, పురుగు పట్టదు, వానకి ఆరిపోదు, ఊరు పెళ్ళికూతురిలా ఉంది అని రాశాను. ముప్ఫై ఆరు స్తంభాలు నాలుగు రోజుల్లో మార్చాను. సర్పంచి పాపారావు గారు మైకులో నా పేరు చెప్పారు. ‘మన వీర్రాజుని ఇంక పర్మినెంటు చేయించే పూచీ నాది’ అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పదకొండేళ్ళనుంచీ ‘ఒరే లైటూ’ అని పిలిచే ఊరు, ఆ రోజు వీర్రాజు అంది. నిచ్చెన మీద ఉన్నవాడికి కింద ఉన్నవాళ్ళంతా పొట్టిగానే కనపడతారు సత్యా. నాకూ అలాగే కనపడ్డారు.

రేవు దగ్గర స్తంభానికి ట్యూబు విప్పుతుంటే మీ మావయ్యగారు వచ్చి కింద నిలబడ్డారు.

‘ఒరే వీర్రాజూ, ఊరంతా నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో. ఈ రేవు స్తంభానికి మాత్రం ఆ తెల్లలైటు ఉంచెయ్యరా. నా గుడ్డకి ఆ వెలుగు అలవాటు’ అన్నారు.

నేను నవ్వాను. ‘గుడ్డకి అలవాటేంటండీ మావయ్యగారూ! ఎర్రది ఎక్కడ పెట్టినా ఎర్రగానే ఉంటాది. ఇది దానికి రెండింతల వెలుగండీ. మొగ దగ్గరనుంచి కూడా కనపడతాది.’

‘ఆయ్. సరే అయితే. చదువుకున్నోడివి, నీకే తెలుస్తాది’ అని వెళ్ళిపోయారు.

నేను చదివిందెంత? ఐటీఐలో ఏడాది వైరింగు. కానీ ఆయన ఆ మాట అనేసరికి ఇంజనీరంత పొంగిపోయాను. ఒక్క స్తంభానికి పాతలైటు ఉంచితే నాకొచ్చే నష్టం ఏమీ లేదు. ముప్ఫై ఆరూ ఒక వరసలో వెలగాలన్న సోకు, అంతే.

ఆ సాయంత్రం లైట్లు వేశాక అందరం వీధిలోకొచ్చి తలలెత్తి చూశాం. నాని కూడా వచ్చాడు. మీ వదిన ఆ రోజు దసరా అని పెద్ద బొట్టు పెట్టుకుంది. నాని దాని మొహం చూసి ఒకటే నవ్వు. ‘అక్కా, బొట్టు నల్లగా పెట్టుకున్నావేటి? బావకి దిష్టి తగులుద్దనా?’ అన్నాడు. నేను చూశాను. నిజంగానే నల్లగా ఉంది. మీ వదిన కట్టుకున్న ఎర్ర చీర కూడా బురదలో ముంచినట్టు కనపడుతోంది. అందరూ ఒకరి బట్టలొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటేనే లోపల ఒకటి చురుక్కుమంది. మరి రేవు దగ్గర గుడ్డో?

రేపొకసారి గుడ్డ కట్టి చూద్దాం అనుకున్నాను. ఆ రేపు ఆరు వారాలదాకా రాలేదు.

గుడ్డ సంగతి నీకు తెలియంది కాదు. మీ మావయ్యగారింటి కోడలివి, ఆ గుడ్డని సబ్బేసి ఉతికినదానివి. అయినా రాస్తున్నాను, ఎందుకంటే తప్పంతా అక్కడే ఉంది. సముద్రంలో వాయుగుండమని రేడియోలో చెప్పినా, మొగ దగ్గర కెరటం లేచినా, మావయ్యగారు సాయంత్రమే ఆ గుడ్డ రేవు స్తంభానికి కట్టేవారు. తెల్లారగట్ట వేటకెళ్ళేవాడు అది చూసి వెనక్కి తిరిగేవాడు. ఒకరు చెప్పక్కర్లేదు, ఒకరు అడగక్కర్లేదు. వేటకి బయలుదేరినవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు కదా మనకి. ఎక్కడికనీ అడగకూడదు. పిలిస్తే గంగమ్మ కంటే ముందు మనం పిలిచినట్టని, వాడు తిరిగిరాడని. నోటితో చెప్పకూడదు కాబట్టే మన పెద్దవాళ్ళు గుడ్డ కట్టారు. మన రేవుకి ఉన్న నోరు ఆ గుడ్డ ఒక్కటే. దానికి అడ్డంగా నేను లైటు పెట్టాను.

కొత్తలైటు వచ్చాక గుడ్డ కట్టడం కార్తీక బహుళ సప్తమి ముందురోజు సాయంత్రమే మొదటిసారి. అప్పటికింకా చీకటి పడలేదు. మావయ్యగారు కట్టి, పక్క ఇళ్ళవాళ్ళకి కూడా చెప్పి, ఇంటికెళ్ళి పడుకున్నారు. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ముగ్గురే. గుడ్డ కట్టకముందే, వెలుగుండగానే స్విచ్చి వేసేసి ఇంటికెళ్ళి పడుకున్న నేనొకణ్ణి. మిగతా ఇద్దరూ నానీ, అతనితో పడవలో వెళ్ళే రాజబాబూ. వాళ్ళిద్దరూ మధ్యాహ్నమే అమలాపురం వెళ్ళారు. ఆఖరి బస్సుకి వచ్చి, పొద్దున్నే పడవ తియ్యాలి కదా అని ఇంటికి రాకుండా గట్టు మీదనుంచి తిన్నగా రేవులో వలల పాకకి వెళ్ళి పడుకున్నారు.

ఉదయం ఆరుకి పావుగంట ముందు లైట్లు ఆర్పడానికి నేను రేవుకి వెళ్ళాను. స్విచ్చి ఆ స్తంభానికే కదా. అప్పుడే వాళ్ళ పడవ నీళ్ళలోకి తోశారు. ఇరవై బారల దూరంలో ఉంటుంది. నాని నన్ను చూసి చెయ్యెత్తాడు. నేనూ చెయ్యెత్తాను. స్తంభానికి ఏదో గుడ్డ వేలాడుతోంది. ఎవరో గోనె ఆరేశారనుకున్నాను. ఇది నేను ప్రమాణం చేసి చెబుతున్నాను సత్యా, ఆ లైటు కింద నాక్కూడా అది గోనెలాగే కనపడింది.

స్విచ్చి ఆపాను.

ఆపి తలెత్తేసరికి, అప్పటిదాకా గోనె అనుకున్నది ఎర్రగా ఉంది. తూర్పున తెల్లబడుతోంది, ఆ కాస్త వెలుగులోనే అది కళ్ళలో పొడిచినట్టు ఎర్రగా ఉంది.

పడవ అప్పటికి మడచెట్ల మలుపు తిరుగుతోంది. మోటారు చప్పుడు వినపడుతోంది. గట్టు మీద పరిగెత్తి మలుపు దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే అందుతుంది. నోరు తెరిచాను. పిలవలేదు.

ఎందుకు పిలవలేదని ఈ ఏడాదిలో నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. వెనకనుంచి పిలవకూడదని ఆగాను, అది నిజం. వాళ్ళు చూసే వెళ్ళుంటారు, మొగ దాకా వెళ్ళి కెరటం చూసి తిరిగొస్తారు అనుకున్నాను, అదీ నిజం. కానీ ఆ రెంటి కిందా ఇంకోటుంది. అది నీకు రాయకపోతే ఈ ఉత్తరం రాయడం దండగ. పిలిస్తే ఊరంతా లేచొస్తుంది. ఏమైందంటే, లైటు కింద గుడ్డ కనపడలేదని చెప్పాలి. మావయ్యగారు వద్దన్నా లైటు మార్చింది నేనని తెలుస్తుంది. సోమవారం సర్పంచిగారు నా పర్మినెంటు కాగితం పంపుతానన్నారు. ఇదంతా ఒక్క ఊపిరిలో తోచింది. ఇంత రాయడానికి ఇవాళ ఇంతసేపు పట్టింది గానీ, ఆ రోజు తోచడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. మనిషి బుద్ధి అంత గడుసుది.

ఇంటికెళ్ళి చద్దన్నం తిన్నాను సత్యా. మీ వదినని అడిగి మారు పెట్టించుకున్నాను.

తొమ్మిదింటికి రాజబాబు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి పడ్డాడని కబురొచ్చింది. పడవ మొగ దగ్గర తిరగబడింది. నాని మూడోరోజుకి దొరికాడు. ఆ తరవాతది నీకు తెలుసు. నీ పాస్‌పోర్టు నువ్వు పనిచేసే ఇంటివాళ్ళివ్వలేదు, నువ్వు రాలేదు, ఫోనులో నీ ఏడుపు విన్నాను. ఆ ఏడుపు వింటూ కూడా నేను చెప్పలేదు.

రాజబాబు అందరి ఎదటా మొత్తుకున్నాడు. ‘గుడ్డ ఉందండీ, చూసేమండీ, కానీ ఎర్రది కాదండీ. ఎవరో గోనె తగిలించేరనుకున్నామండీ’ అన్నాడు. ఎవరు నమ్ముతారు? పట్టపగలు, స్తంభం మీద గుడ్డ అందరి కళ్ళ ముందూ మందారంలా ఉంది. ‘తాగి ఉంటారు, కళ్ళు మూసుకుపోయుంటాయి’ అన్నారు. మీ మావయ్యగారు ఆ గుడ్డ కేసి చూసి, రాజబాబు కేసి చూసి వెళ్ళిపోయారు. రాజబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. ‘అన్నా, లైట్ల సంగతి నీకు తెలుసుకదా, నువ్వైనా చెప్పు’ అన్నాడు. ‘నాకేం తెలుసురా’ అన్నాను. నెల తిరక్కుండా వాడు ఊరొదిలేసి కాకినాడ హార్బరులో పనికి పోయాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. నేను అది కూడా చెయ్యలేదు. భుజాలు ఎగరేసుకుని తిరిగాను.

నాని తాగలేదు. నీ మీద కోపంతోనూ వెళ్ళలేదు. ఇది ఊరడింపు కాదు, నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ రోజు అమలాపురం ఎందుకు వెళ్ళాడో తెలుసా? బోడసకుర్రు నుంచి ఎవరో శుక్రవారం మస్కట్ వస్తున్నారని తెలిసి, నీకు పంపే సంచీ సిద్ధం చెయ్యడానికి వెళ్ళాడు. టైలరు దగ్గర్నుంచి నీ ఆకుపచ్చ జాకెట్టు తెచ్చాడు, కొలతలు నువ్వు రాసి పంపావే, అదే. కిలో తాటిబెల్లం కొన్నాడు. ఆ సంచీ వలల పాకలో గుంజకి తగిలించి ఉంది. నాకే దొరికింది. సంచీకి కాగితం కుట్టాడు, ‘సత్యప్రియ, మస్కట్’ అని. కింద ‘రెండేళ్ళైనా పర్వాలేదు, బెల్లం చీమలు పట్టకుండా దాచుకో’ అని రాశాడు.

ఈ సంచీ ఏడాదినుంచీ నా ట్రంకుపెట్టెలో ఉంది. నీకు పంపితే, మరి కోపం లేనివాడు గుడ్డ దాటి ఎందుకెళ్ళాడని అడుగుతావు. దానికి జవాబు నేను. అందుకని దాచాను. నువ్వక్కడ ఎవరింట్లోనో గిన్నెలు తోముతూ మొగుణ్ణి నా నోటితో చంపుకున్నానని ఏడుస్తుంటే, అది కాదని రుజువు చేసే కాగితం మీద నేను నా బట్టలు మడతపెట్టి పెట్టుకున్నాను. నన్ను నువ్వు ఏమన్నా తక్కువే.

మొన్న గురువారం సాయంత్రం మీ మావయ్యగారింటికి వెళ్ళాను. ‘ఒక్కసారి రేవుకి రండి మావయ్యగారూ’ అన్నాను. రానన్నారు. కాళ్ళు పట్టుకున్నాను. గుడ్డ ఇమ్మంటే చూరులోంచి తీసి నా మీదకి విసిరారు.

రేవులో నేను నిచ్చెనెక్కి గుడ్డ కట్టాను. లైటు వేశాను. అది వెంటనే వెలగదు, మెల్లగా రాజుకుంటుంది. చీకటి పడుతోంది. ‘నీళ్ళదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూడండి’ అన్నాను. ఆయన మోకాలి లోతులోకి దిగి తిరిగారు. చాలాసేపు చూశారు.

‘ఏ గుడ్డ కట్టేవురా?’ అన్నారు.

‘మీదేనండీ.’

‘కాదు.’

‘మీదేనండీ మావయ్యగారూ. వచ్చి పట్టుకు చూడండి.’

గట్టెక్కి వచ్చి గుడ్డ కొస పట్టుకున్నారు. అత్తయ్యగారు బతికుండగా వేసిన మాసిక ఉంది కదా దానికి, దాన్ని బొటనవేలితో తడిమారు. అప్పుడు నేను చెప్పాను. లైటు సంగతి, బొట్టు సంగతి, స్విచ్చి ఆపాక చూసిన సంగతి, పిలవని సంగతి. అన్నీ. నేను చెబుతున్నంతసేపూ ఆయన గుడ్డ వదల్లేదు. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

‘అయితే నా కొడుకు నా మాట దాటలేదు’ అన్నారు.

నాతో కాదు అన్నది. మళ్ళీ నీళ్ళలోకి దిగారు. మోకాళ్ళు దాటి నడుందాకా దిగి, మొగ వైపు తిరిగి, ‘నానీ!’ అని పిలిచారు. డెబ్భై ఏళ్ళ మనిషి గొంతులో అంత కేక ఉందని నాకు తెలియదు. ‘ఒరే నానీ! ఎనక్కొచ్చెయ్యరా! ఎర్రగుడ్డ కట్టేనురా!’ అని పిలుస్తూనే ఉన్నారు. జనం వచ్చారు. ఎవరూ ఆపలేదు. నేను ఏడాది కిందట పిలవాల్సిన పిలుపు అది. ఆయన పిలిచారు.

బాబ్జీ చెయ్యి పట్టి పైకి తీసుకొచ్చాక నా వైపు చూడకుండా అన్నారు. ‘ముందు పిల్లకి రాయి. అది ఆడ ఒక్కతీ ఏడుస్తా ఉంటాది. మా గుమ్మం మాత్రం కొన్నాళ్ళు తొక్కమాకు.’ సరేనండీ అన్నాను. నిన్న సాయంత్రం ఆయన ఇంట్లోంచి రేడియో వినపడిందని బాబ్జీ చెప్పాడు.

మీ వదినకి కూడా ఆ గురువారమే తెలిసింది, ఊరితోపాటు. నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

నిన్న రేవు స్తంభం ఎక్కి సోడియం లైటు విప్పేశాను. పాత ట్యూబు పట్టీ బిగించి, చోకు మార్చి, తెల్లలైటు పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. సర్పంచిగారికి చెప్పకుండా మార్చాను. ఆయన ఉద్యోగం తీసేస్తారో ఉంచుతారో ఆయన ఇష్టం, దాని మీద ఆశ లేదు. రేపు పొద్దున్నే కాకినాడ వెళ్ళి రాజబాబుని కలుస్తాను. నాని సంవత్సరీకానికి ఊరొచ్చి నా పక్కన నిలబడమని అడుగుతాను. ఆ రోజు అందరి ఎదటా వాడు తాగలేదనీ, నాని తాగలేదనీ, సత్యప్రియ మాటకి ఎవరూ చావలేదనీ నా నోటితో మళ్ళీ చెబుతాను.

నీ ప్రశ్నకి జవాబు ఇదమ్మా. నాని గుడ్డ చూసి వెళ్ళలేదు. నీ మాట పట్టుకుని వెళ్ళలేదు. నీ బెల్లం సంచీ గుంజకి తగిలించి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడిలా వెళ్ళాడు. నాకు చెయ్యి కూడా ఎత్తాడు.

నవంబరు పన్నెండున ఉదయం హైదరాబాదు బస్సుకి అమలాపురంలో దిగుతానని రాశావు. నన్ను రమ్మన్నావు. అది ఇదంతా తెలియక ముందు రమ్మన్నది కాబట్టి లెక్కలోకి తీసుకోను. నీ జవాబు వచ్చేంత వ్యవధి కూడా లేదు. అందుకని ఇలా అనుకున్నాను. నీ సామాను పట్టుకోవడానికి రాజబాబుని పంపుతాను. దుర్గని తీసుకుని మీ వదిన వస్తుంది. నానీ సంచీ మీ వదిన చేతికిస్తాను. బెల్లం కాస్త చెమ్మగిల్లింది, చీమలు మాత్రం పట్టలేదు.

నేనూ వస్తాను గానీ, మీ దగ్గరికి రాను. బస్టాండుకి ఎదురుగా రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటాను. నీకు నన్ను పిలవాలనిపిస్తే ఒక్క కేక వెయ్యి, వస్తాను. నువ్వు పిలవకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోతే తప్పు పట్టను. పిలవకుండా ఉండిపోవడం ఎంత సులువో నాకు తెలుసు.

దుర్గ పొద్దున తన ముద్దులు రాయమంది, రాశాను.

ఇట్లు,
పిలవాల్సిన వేళ పిలవని
నీ అన్నయ్య,
వీర్రాజు.